బదిలీ ఉద్యోగి బిడ్డ ఎక్కడి స్థానికురాలు?

సంఘ కార్యక్రమాల నిమిత్తం ఇటీవల మేము భిలాయ్ వెళ్లి వచ్చాము. చరోదా వైపున వున్న మార్షలింగ్ యార్డు కాలనీలో శాఖా సమావేశం ముగిసేసరికి బాగా చీకటి పడింది. వరండాలో దీపం కింద అయిదారుగురు పిల్లలు పుస్తకాలు పరచుకొని కూర్చున్నారు. అందరూ మన ఉద్యోగుల బిడ్డలే. ఒకరి తండ్రి ట్రాక్ మెయింటెయినరు, ఒకరి తల్లి తపాలా కార్యాలయంలో గుమాస్తా, మరొకరి తండ్రి ఆర్.ఎం.ఎస్.లో సార్టరు. పన్నెండవ తరగతి చివరి పరీక్షలు, వాటి వెనుకనే మే నెలలో వచ్చే వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష - ఇవే వారి సంభాషణకు విషయాలు.

"బోర్డులో ఎన్ని మార్కులొస్తే ఏముంది? గట్టెక్కితే చాలు. అసలు లెక్క నీట్‌లోనే" అన్నాడొక కుర్రవాడు. "అలాగైతే రెండేళ్లు బడికి ఎందుకు వెళ్లినట్టు?" అని ఒక అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది గనుక తెలియని ప్రశ్నను వదిలివేయడమా, ఊహించి గుర్తు పెట్టడమా అన్న విషయమై కొంత వాదన జరిగింది. ఇంతలో ఒక గార్డుగారి అమ్మాయి మమ్మల్ని చూసి లేచి నిలబడింది. గార్డును ఇప్పుడు రైలు మేనేజరు అంటున్నారు. పేరు మారింది గాని బదిలీలు మారలేదు.

"మావయ్యగారూ, మా నాన్నగారిది పలాస దగ్గర ఊరు. నేను రాయగడలో పుట్టాను. కొన్నాళ్లు బిలాస్‌పూర్‌లో చదివాను, ఇప్పుడు ఇక్కడ చదువుతున్నాను. ఆంధ్రాలో సీటు అడిగితే నాలుగేళ్లు ఇక్కడ చదవలేదు కదా అంటారు. ఇక్కడ మీరు ఆంధ్రావాళ్లు కదా అంటారు. మరి నేనెక్కడి లోకల్‌నండీ?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. ముప్పది ఏళ్లుగా బదిలీల మీద, క్వార్టర్ల మీద, భత్యాల మీద ఎన్నో వినతిపత్రాలు వ్రాశాము. తండ్రి బదిలీతోపాటు బిడ్డ హక్కు కూడా బదిలీ అవుతుందా, లేక దారిలో ఎక్కడైనా జారిపోతుందా అన్న విషయాన్ని చాలినంత శ్రద్ధతో పరిశీలించలేదని అంగీకరించక తప్పదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఇవ్వవలసిన సమాధానం. మన సభ్యులందరూ ఆలోచించవలసిన విషయం కూడా.

భిలాయ్ అంటే మనకు పరాయి ఊరు కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా అక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలుమార్గం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కష్టజీవులను అక్కడికి చేర్చింది. కొలిమి దగ్గర కొందరు, రైల్వే యార్డులో కొందరు, తపాలా సంచుల మధ్య కొందరు నిలదొక్కుకున్నారు. మన రైళ్లు నడిచే పట్టాలు అధిక భాగం భిలాయ్‌లోనే తయారవుతాయి. పట్టా పోసినవారు, దానిని నేలమీద పరచినవారు, దాని మీద బండి నడిపినవారు ఒకే వీధిలో కాపురముండే ఊరు అది. కర్మాగారం తన టౌన్‌షిప్‌లో సెక్టార్ల వారీగా పాఠశాలలు, ఆసుపత్రి కట్టించింది. కార్మికుని బిడ్డకు చదువు సంస్థ బాధ్యత అన్న భావం ఆనాటిది. క్రమేణా శాశ్వత ఉద్యోగుల సంఖ్య తగ్గింది, కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగింది, ఆ పాఠశాలలలో అనేకం మూతబడ్డాయి. ఖాళీ అయిన బాధ్యతను కోచింగ్ కేంద్రాలు ఆక్రమించాయి.

బోర్డు పరీక్ష విలువ ఎలా తరిగిపోయిందో ముందుగా చూద్దాము. 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు వైద్య విద్యలో స్థానాలన్నింటినీ ఆయా రాష్ట్రాల నివాసులకే కేటాయించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. తరువాతి ఉత్తర్వుల మేరకు ప్రభుత్వ కళాశాలల ఎం.బి.బి.ఎస్. స్థానాలలో 15 శాతం అఖిల భారత ప్రాతిపదికన నింపసాగారు. అందుకోసం 1988 నుంచి ప్రత్యేక పరీక్ష మొదలైంది. 2013 మే 5న తొలిసారి నీట్ జరిగింది. అదే సంవత్సరం జూలై 18న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పును తానే వెనక్కు తీసుకొన్నది. క్రమేణా దేశమంతటా వైద్య కళాశాల ద్వారానికి ఇదొక్కటే తాళంచెవి అయింది.

నేడు పన్నెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో కలిపి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు వస్తే పరీక్షార్హత లభిస్తుంది. ఆపైన బోర్డు మార్కులకు ర్యాంకులో చోటు లేదు. 2025లో పరీక్ష మూడు గంటలలో 180 ప్రశ్నలు, అనగా నిమిషానికి ఒక ప్రశ్న. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. రెండు సంవత్సరాలు ప్రయోగశాలలో చేసిన పని, ఉపాధ్యాయుడు వ్రాయించిన వ్యాసం, విషయాన్ని తన మాటలలో వివరించగల శక్తి - ఇవేవీ ఆ మూడు గంటలలో తూకానికి రావు. కుర్రవాడు "గట్టెక్కితే చాలు" అన్నాడంటే తప్పు అతనిది కాదు. నిబంధనలు అతనికి నేర్పిన పాఠం అది. బడి విలువ పడిపోయినచోట బడికి ప్రత్యామ్నాయం కొనగలవానిదే పైచేయి అవుతుంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఒకే పరీక్ష వలన మేలేమీ జరగలేదని మేము అనడం లేదు. పూర్వం ఒక్కొక్క రాష్ట్రానికి, ఒక్కొక్క ప్రైవేటు కళాశాలకు వేరువేరు దరఖాస్తులు, వేరువేరు పరీక్షలు వుండేవి. పాసు మీద బిడ్డను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగిన సభ్యులు మనలో ఎందరో వున్నారు. కాపిటేషన్ ఫీజు దోపిడీ ఎంతగా ముదిరిందంటే 1983లో ఆంధ్రప్రదేశ్ దానిని నిషేధిస్తూ ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. సొంత పరీక్షల పేరిట సీట్లు అమ్ముకునే దారిని ఒకే పరీక్ష కొంతవరకు మూసివేసిన మాట నిజం. అయితే పూర్వపు అన్యాయాన్ని చూపి నేటి అన్యాయాన్ని సమర్థించడం సరికాదు.

అంకెలు గమనించండి. 2025లో 22 లక్షల మందికి పైగా పరీక్ష వ్రాశారు. వారిలో 12 లక్షల 36 వేల మంది అర్హులని ప్రకటించారు. 2014లో దేశంలో సుమారు 51 వేలుగా వున్న ఎం.బి.బి.ఎస్. స్థానాలు ఇటీవల లక్షా పది వేలు దాటాయి. పెరుగుదల సంతోషకరమే. అయినా సుమారు పదిమంది అర్హులకు ఒక స్థానం. వాటిలో ఇంచుమించు సగం మాత్రమే ప్రభుత్వ కళాశాలలవి. ప్రభుత్వ కళాశాలలో ఒకటి రెండు మార్కుల తేడాతో స్థానం తప్పిన పాయింట్స్‌మన్ బిడ్డ ప్రైవేటు కళాశాల రుసుము విని వెనుదిరుగుతుంది. ఆమెకన్నా వందమార్కులు తక్కువ వచ్చినవాడు తండ్రి కలిమితో ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఇద్దరూ "అర్హులే". ప్రతిభకు పరీక్ష అని చెప్పి, చివరి మెట్టు మీద ధనానికి పరీక్ష పెడుతున్నారన్నమాట.

పరీక్ష పవిత్రత మాటేమిటి? ఛత్తీస్‌గఢ్ 2000లో మధ్యప్రదేశ్ నుంచి విడివడిన రాష్ట్రం. మధ్యప్రదేశ్‌లో 2013లో వ్యాపం కుంభకోణం బయటపడింది. అక్రమ పద్ధతులలో చేరిన 634 మంది ప్రవేశాల రద్దును 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2011లో ఛత్తీస్‌గఢ్ పి.ఎం.టి. కూడా ప్రశ్నపత్రం బయటికి పొక్కి రద్దయింది. అఖిల భారత స్థాయికి వెళితే ఈ జబ్బు నయమవుతుందని అనుకున్నారు. 2024 మే 5న 23 లక్షల మందికి పైగా వ్రాసిన నీట్ విషయంలో పాట్నా, హజారీబాగ్‌లలో ప్రశ్నపత్రం పొక్కిన మాట నిజమని తేలింది. తొలి ఫలితాలలో 67 మందికి 720కి 720 మార్కులు వచ్చాయి. లోపం దేశమంతటా వ్యాపించినట్లు ఆధారం లేదని సుప్రీంకోర్టు మళ్లీ పరీక్షకు అంగీకరించలేదు. అదే సంవత్సరం జూన్ 21న ప్రశ్నపత్రాల అక్రమాలపై కేంద్ర చట్టం అమలులోకి వచ్చింది. చట్టం మంచిదే. అయితే ఒకే పెట్టెలో దేశం బిడ్డలందరి భవిష్యత్తు పెట్టి తాళం వేసినపుడు ఆ పెట్టె కాపలా ఎంత గట్టిగా వుండాలో రిజిస్టరు ఉత్తరాలు, నగదు సంచులు మోసిన మన తపాలా ఉద్యోగులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక గార్డుగారి అమ్మాయి ప్రశ్నకు వద్దాము. 15 శాతం అఖిల భారత స్థానాలకు ఆమె ఎక్కడినుంచయినా పోటీ పడవచ్చు. 2018 నుంచి రెండు తెలుగు రాష్ట్రాలు కూడా ఆ పద్ధతిలో చేరాయి. సమస్య మిగిలిన 85 శాతంతోనే. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు స్థానిక అభ్యర్థిని నిర్వచించింది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి వుండటం అందులో ముఖ్యమైన కొలబద్ద. వెనుకబడిన ప్రాంతాల బిడ్డలకు రక్షణగా వచ్చిన నియమం అది. దాని ఉద్దేశాన్ని మేము గౌరవిస్తున్నాము. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో వైద్య ప్రవేశాల నిబంధనలను సవరించి నాలుగేళ్ల చదువును తప్పనిసరి చేయగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 సెప్టెంబరు 1న కోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం వెలుపల వుండవలసి వచ్చిన కొన్ని తరగతుల వారి పిల్లలకు మినహాయింపు ఇస్తామని ప్రభుత్వం చెప్పిన మాటను కూడా కోర్టు గుర్తించింది.

మన పట్టు అక్కడే వుండాలి. ఉద్యోగ విధి వలన బయట వున్నవాని బిడ్డకు నష్టం కలగరాదన్న సూత్రాన్ని ఒకసారి అంగీకరించిన తరువాత, ఆ సూత్రం అధికారి బిడ్డకు వర్తించి, పోస్ట్‌మన్ బిడ్డకు వర్తించకపోవడానికి కారణం లేదు. ఇష్టపడి ఊరు విడిచినవారు వేరు, ఉత్తర్వు చేతబట్టుకొని పెట్టె సర్దుకున్నవారు వేరు.

షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగుల బిడ్డలకు ఈ బాధ రెండింతలు. 1990 మే 2న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు మనవాళ్లు చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, తండ్రి ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగం వలన చిన్ననాడే బొంబాయి వెళ్లి అక్కడే చదువుకున్న ఒక విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల స్థానం కోరాడు. ఆ తెగ మహారాష్ట్ర జాబితాలో లేదు గనుక అక్కడ ఆ హక్కు రాదని కోర్టు నిర్ణయించింది. ఒక రాష్ట్రంలోని హోదా మరొక రాష్ట్రానికి వెంటరాదన్నది సారాంశం. ఇటువంటి వారి విషయమై శాసనకర్తలు ఆలోచించడం సముచితమని కూడా కోర్టు సూచించింది. మూడున్నర దశాబ్దాలు గడిచాయి. శ్రీకాకుళం నుంచి భిలాయ్ యార్డుకు వచ్చిన దళిత ఉద్యోగి బిడ్డకు ఆ ఆలోచన ఫలం ఇంతవరకు అందలేదు.

ఇదంతా కేవలం మన బిడ్డలకు నాలుగు సీట్ల కోసం ఆరాటమా? కాదు. వైద్యుడు ఎవరి ఇంటినుంచి వస్తాడన్న ప్రశ్నకు, ఆ వైద్యుడు ఎవరి ఇంటికి వెళతాడన్న ప్రశ్నకు దగ్గరి సంబంధం వున్నది. ఇందుకు నిదర్శనం భిలాయ్‌కి సమీపంలోనే కనిపిస్తుంది. భిలాయ్ కొలుములకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులలో కాంట్రాక్టు కార్మికులు 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో తమ సంఘాన్ని నిర్మించుకున్నారు. తమ సంఘ నాయకురాలు ఒకామె ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించిన తరువాత, ఇక తమ ఆసుపత్రి తామే కట్టుకోవాలని నిశ్చయించారు. చందాలు వేసుకున్నారు, ఇటుకలు మోశారు. 1977 కాల్పులలో మరణించిన కార్మికుల స్మృతిగా 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరిచారు. కార్మికుల పక్షాన నిలిచిన కొందరు యువ వైద్యులు వచ్చి అక్కడ పనిచేశారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురైనారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది. భవనం కట్టడం కార్మికునికి తెలుసు. వైద్యుని మాత్రం బయటినుంచి పిలుచుకోవలసి వచ్చింది. గని కార్మికుని కూతురు, గ్యాంగ్‌మన్ కొడుకు వైద్యులు కావాలని మేము కోరేది ఆ లోటు తీరడానికే.

కనుక మన కోర్కెలు స్పష్టంగా వుండాలి.

ఒకటి. బదిలీ బాధ్యత గల రైల్వే, తపాలా ఉద్యోగుల పిల్లలకు, తండ్రిగాని తల్లిగాని సర్వీసు రిజిస్టరులో ప్రకటించిన స్వస్థలం ఆధారంగా స్థానిక హోదా కోరుకునే అవకాశం ఇవ్వాలి. సెలవు ప్రయాణ రాయితీకి చెల్లే స్వస్థలం చదువుకు ఎందుకు చెల్లదు? రెండుచోట్ల లాభం మాకు అక్కరలేదు. ఒక్కచోట ఎంచుకొని దానికి కట్టుబడే నిబంధన పెట్టవచ్చు.

రెండు. ఉద్యోగ విధి వలన రాష్ట్రం మారిన షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగుల బిడ్డల రక్షణకు పార్లమెంటు చట్టం చేయాలి.

మూడు. రైల్వే ఆసుపత్రులకు అనుబంధంగా వైద్య కళాశాలలు పెట్టి రైల్వే ఉద్యోగుల పిల్లలకు అవకాశం కల్పిస్తామని 2009 రైల్వే బడ్జెటులో ప్రకటించారు. ఆ జాబితాలో హైదరాబాదు, బిలాస్‌పూర్ పేర్లు కూడా వున్నాయి. ప్రకటన కాగితం దాటలేదు. ఇది అసాధ్యమా? కార్మిక రాజ్య బీమా సంస్థ 2016లో హైదరాబాదు సనత్‌నగర్‌లో కళాశాల తెరిచి, బీమా కార్మికుల బిడ్డలకు కొన్ని స్థానాలు కేటాయించింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

నాలుగు. పిల్లల చదువు భత్యం 2024 జనవరి నుంచి నెలకు 2,812 రూపాయల 50 పైసలు. అది పన్నెండవ తరగతితో ఆగిపోతుంది. అసలు ఖర్చు మొదలయ్యేది ఆ తరువాతనే. 2025 నవంబరులో ఏర్పాటైన ఎనిమిదవ వేతన సంఘం ముందు ఈ భత్యాన్ని వృత్తివిద్య ముగిసేవరకు పొడిగించాలన్న వాదనను బలంగా వినిపించాలి.

అయిదు. ప్రవేశంలో బోర్డు మార్కులకు తగిన భాగం ఇవ్వాలి. తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్య విద్యలో 7.5 శాతం స్థానాలు కేటాయించిన విధానాన్ని ఇతర రాష్ట్రాలు కూడా పరిశీలించాలి.

ప్రభుత్వాన్ని కోరవలసినవి ఇవి. మనం చేసుకోవలసినవి కూడా వున్నాయి. ప్రతి కాలనీలోను రైల్వే ఇన్‌స్టిట్యూట్ వున్నది, తపాలావారి వినోద సంఘాలు వున్నాయి. సాయంకాలం నాలుగు గదులలో రెండు గదులు పిల్లల చదువుకు ఇవ్వలేమా? విశ్రాంత ఉపాధ్యాయులను ఆహ్వానించలేమా? నివాస, కుల, స్థానిక ధృవపత్రాలకు ఏ కాగితం ఎప్పుడు కావాలో తొమ్మిదవ తరగతిలోనే తల్లిదండ్రులకు చెప్పేందుకు ప్రతి శాఖలోను ఒక సభ్యుని నియమించలేమా? చివరి నిమిషంలో ఒక కాగితం లేక సీటు పోయిన ఉదంతాలు మా దృష్టికి అనేకం వచ్చాయి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మన జీవితమంతా సిగ్నల్ దగ్గర నిలబడ్డాము గనుక బిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలా దూసుకుపోవాలని ఆశ పడతాము. ఆశ సహజం. ఆ ఆశ భారంగా మారితే ప్రమాదం. 2023లో విశాఖపట్నంలో నీట్‌కు తయారవుతున్న ఒక బాలిక మరణానికి సంబంధించిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, కోచింగ్ కేంద్రాలు, వసతిగృహాలు విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం పాటించవలసిన మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్టు చెప్పేవరకు రానీయకుండా ఇంట్లో మనమే చెప్పవలసిన మాట ఒకటి వున్నది: "సీటు రాకపోతే మళ్లీ చూద్దాం, లేదా వేరే దారి చూద్దాం. నువ్వు వుంటే చాలు." ఈ మాటకు ఖర్చు లేదు, ఏ ఉత్తర్వూ అక్కరలేదు.

ఆ రాత్రి చరోదా వరండాలో అడిగిన ప్రశ్నకు మా సమాధానం ఇది. అమ్మా, మీ నాన్నగారు పచ్చజెండా ఊపిన ప్రతి స్టేషనూ నీ ఊరే. అయితే ఈ మాట మేము అన్నంత మాత్రాన చాలదు. నిబంధనల పుస్తకంలో కూడా ఆ మాట వ్రాయించవలసి వున్నది. ఆ పని నీది కాదు, మాది. నువ్వు చదువుకో. ఈ సంవత్సరం జరిగే ప్రతి శాఖా సమావేశంలోను ఈ కోర్కెలపై తీర్మానం చేసి కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.